దగ్గు, జ్వరం ఉన్న అమ్మను వీడియో కాల్‌లో డాక్టరుకు చూపిస్తే సరిపోతుందా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావారికీ తెలుస్తుంది. మీరు బెంగళూరులో ఉంటారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మీ ఊళ్లో ఉన్న అమ్మగారికి 64 ఏళ్లు; షుగరు, బీపీ ఉన్నాయి. మూడు రోజులుగా జ్వరం, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు. తోడుగా నాన్నగారు ఒక్కరే. పెద్దాసుపత్రి గంటకు పైగా ప్రయాణం. మెడికల్ షాపువారు అజిత్రోమైసిన్ స్ట్రిప్ ఇచ్చారు, ఇంకా మొదలుపెట్టలేదు. అమెరికాలో డాక్టరుగా ఉన్న మీ పెదనాన్నగారి అబ్బాయి తానే చూస్తానంటున్నారు. ఇక్కడి డాక్టరుకు వీడియోలో చూపిస్తే సరిపోతుందా, లేక కారు మాట్లాడి తీసుకెళ్లాలా అన్నది మీ ప్రశ్న.

నేను ఒక జిల్లా కేంద్రంలో జనరల్ మెడిసిన్ చూస్తాను. 2020 లాక్‌డౌన్‌లో తప్పనిసరై మొదలుపెట్టిన ఫోను వైద్యం ఇప్పటికీ చేస్తూనే ఉన్నాను. శ్వాస వేగం, ఆక్సిజన్ అంకె బాగుంటే ఈ రోజుకు వీడియో కాల్ చాలు. అయితే ఒక్క కాల్‌తో పని అయిపోయిందనుకోవద్దు. రెండో కాల్ ఎప్పుడన్నది మొదటి కాల్‌లోనే ఖాయం కాకపోతే జరిగింది సగం వైద్యమే.

శ్వాసకోశ వైరస్ జబ్బులకు ఒక నడక ఉంటుంది. ఫ్లూ సోకిన 1 నుంచి 4 రోజుల్లో బయటపడుతుంది. మూడు నాలుగు రోజులు ఒళ్లు విరిచేసి జ్వరం దిగుతుంది, దగ్గు మాత్రం రెండు మూడు వారాలు వెంటాడుతుంది. కొంతమందిలో జ్వరం తగ్గి, మనిషి లేచి తిరగడం మొదలుపెట్టాక మళ్లీ జ్వరం వస్తుంది, కఫం చిక్కబడుతుంది, ఛాతీలో పోటు మొదలవుతుంది. వైరస్ దెబ్బతీసిన ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా చేరి న్యుమోనియాగా మారే తీరు అది. కోవిడ్ సంగతి 2021 వేసవి చూసినవారికి చెప్పనక్కరలేదు. మొదటి నాలుగైదు రోజులు మామూలు జలుబులా గడిచి, 5వ రోజుకీ 10వ రోజుకీ మధ్య ఊపిరి అందకపోవడం మొదలయ్యేది. అందుచేత మూడో రోజున డాక్టరు బాగానే ఉన్నారని చెబితే ఆ మాట మూడో రోజుకే వర్తిస్తుంది. ఆరో రోజున ఎలా ఉంటారో ఫోనులో చూసిన డాక్టరుకూ తెలియదు, ఎదురుగా కూర్చోబెట్టుకుని స్టెతస్కోపు పెట్టిన నాకూ తెలియదు. ఫోను వైద్యానికి అసలు బలం ఇక్కడే ఉంది. ఆసుపత్రికి ఒకసారి రావడమే కష్టమైన మనిషిని ఇంట్లోనే ఉంచి వారంలో మూడుసార్లు చూడవచ్చు. ఆ వీలును వదిలేసి, ఒకే కాల్‌లో మందుల చీటీ తీసుకుని ముగించేస్తే ఫోను వైద్యంలోని లోపాలన్నీ మిగిలి లాభం పోతుంది.

కాల్ కోసం అసలు ఆగకూడని సందర్భాలు ముందు చెప్పేస్తాను. కూర్చుని ఉండగానే ఆయాసంతో ఒక వాక్యం పూర్తి చేయలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, ఛాతీలో నొక్కేసినట్టు నొప్పి, మాట తికమకగా ఉండటం, లేపితే సరిగ్గా లేవకపోవడం, దగ్గులో రక్తం పడటం, పై బీపీ 90 కన్నా తగ్గడం, సగం రోజు గడిచినా మూత్రం రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఏ యాప్‌లోనూ వరుసలో కూర్చోవద్దు, 108కి ఫోను చేయించండి. పెద్దవారి విషయంలో తికమకను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. వయసు మీరినవారికి న్యుమోనియా వచ్చినా జ్వరం రాకపోవచ్చు, దగ్గు కూడా అంతంత మాత్రంగానే ఉండవచ్చు. నిన్నటి నుంచి ఏదో తేడాగా మాట్లాడుతోంది, అన్నం వద్దంటోంది అని ఇంట్లోవారు చెప్పే మాటే చాలాసార్లు మొదటి సూచన. ఇది నాన్నగారికీ వర్తిస్తుంది. ఆమెకు సేవ చేస్తున్నది ఆయనే కాబట్టి జబ్బు ఆయనకు అంటుకునే అవకాశమూ ఉంది. ఇద్దరూ మాస్కు వేసుకుని, కిటికీలు తెరిచి ఉంచమనండి.

అవేవీ లేవనుకుందాం. ఇక కాల్‌కు సిద్ధం కావాలి, చాలామంది పాడుచేసుకునేది ఇక్కడే. పేషెంటు గోడవైపు తిరిగి పడుకుని ఉంటారు, ట్యూబులైటు వెలుగు వెనక నుంచి పడుతుంటుంది, ఇంటి పెద్ద ఫోను చెవికి ఆనించుకుని మాట్లాడుతుంటారు. వీడియోలో నాకు కనబడేది ఆయన చెవి. అలా కాకుండా పగటిపూట, కిటికీ వెలుతురు ముఖం మీద పడేలా అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టమనండి. ఎదురుగా స్టూలు మీద ఫోనును ఏ డబ్బాకో ఆనించి, తల నుంచి పొట్ట వరకు కనబడేలా నిలబెట్టాలి. మీరూ బెంగళూరు నుంచి కాల్‌లో చేరండి, కానీ జవాబులు ఆమెనే చెప్పనివ్వండి. ఎన్ని మాటలకు ఒకసారి ఊపిరి తీసుకుంటున్నారో కూడా మేము వింటుంటాం. కొడుకు చకచకా బదులు చెప్పేస్తే అది తెలియకుండా పోతుంది.

కాల్‌కు ముందే నాన్నగారి చేత ఒక పని చేయించండి. శ్వాస లెక్కపెట్టించండి. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా ఇళ్లలో ఎవరూ చేయరు. అమ్మగారు పది నిమిషాలు కదలకుండా కూర్చున్నాక, నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, ఛాతీ లేదా పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తోందో ఆయన పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. లెక్కపెడుతున్నట్టు ఆమెకు చెప్పకూడదు, చెబితే ఎవరి ఊపిరైనా మారిపోతుంది. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించడం వద్దు. పెద్దలకు మామూలుగా 12 నుంచి 20 మధ్య ఉంటుంది. జ్వరంలో కాస్త పెరుగుతుంది కాబట్టి జ్వరం మాత్ర పనిచేశాక మరోసారి చూడాలి. నిమిషానికి 24కు చేరితే దాన్ని మధ్యస్థ తీవ్రతగా లెక్కగట్టి ఆసుపత్రిలో చూడాలని కోవిడ్ కాలంలో మన దేశ మార్గదర్శకాలు చెప్పాయి. 30 దాటితే జబ్బు తీవ్రమైనదే. ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలరో చూసే పరీక్ష, ఊపిరి బిగబట్టే పరీక్ష వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతుంటాయి. ఫోనులో ఆయాసాన్ని తేల్చడానికి అంకెల పరీక్షను వాడవద్దని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2020లోనే చెప్పారు. ఊపిరి బిగబట్టడాన్నీ నేను పట్టించుకోను.

రెండోది పల్స్ ఆక్సీమీటర్. 2021లో కొన్నది అల్మారాలో ఉంటే బ్యాటరీలు మార్చి చూడమనండి, ఆ బ్యాటరీలు కారి పాడై ఉంటే కొత్తది తెప్పించండి. వేలికి గోళ్ల రంగు ఉంటే తుడిచేయాలి. చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచాలి. ఐదు నిమిషాలు కూర్చున్నాక చూపుడు వేలుకో మధ్య వేలుకో తొడిగి, కదలకుండా ఒక నిమిషం ఆగి, స్థిరపడ్డ అంకె రాసుకోవాలి. తెర మీద రెండు అంకెలుంటాయి, ఒకటి ఆక్సిజన్ శాతం, రెండోది నాడి. అమ్మకు 78 చూపిస్తోందండీ అని కంగారుగా ఫోను చేసేవారిలో చాలామంది చదివేది నాడి అంకె. అందుకే నేను ఆ పరికరాన్నే కెమెరాకు చూపించమంటాను.

94 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఇంట్లో ఉండవచ్చు. వేలు మార్చి రెండు మూడుసార్లు చూసినా 93 లేదా అంతకన్నా తక్కువే వస్తుంటే వెంటనే ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికి బయల్దేరాలి, తెల్లవారనిద్దాం అనుకోకూడదు. 108 ముందు వస్తే 108, పక్కింటి కారు ముందు దొరికితే అదే. 90 కన్నా తక్కువ చూపిస్తే దారిలో ఆక్సిజన్ కావాలి, అప్పుడు అంబులెన్సే. ఏళ్ల తరబడి పొగతాగి సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకయ్యే దీర్ఘకాల జబ్బు) తెచ్చుకున్నవారికి మామూలు రోజుల్లోనే 88 నుంచి 92 మధ్య ఉండవచ్చు, వారి పాత అంకె ఎంతో డాక్టరుకు చెప్పాలి. మనబోటి చామనఛాయ, నలుపు ఒంటివారు ఇంకొక సంగతి కూడా తెలుసుకోవాలి. ముదురు రంగు చర్మం మీద ఈ పరికరాలు ఒక్కోసారి నిజానికన్నా ఎక్కువ చూపిస్తాయని 2020లో అమెరికాలో నల్లజాతి రోగుల రక్తపరీక్షలతో పోల్చినప్పుడు తేలింది. కాబట్టి అంచున ఉన్న అంకెను శ్వాస వేగంతో కలిపి చదవాలి. ఆక్సిజన్ 95 ఉండి శ్వాస 28 ఉంటే నేను శ్వాస మాటే వింటాను.

కూర్చున్నప్పుడు అంకె బాగుంటే, కాల్ నడుస్తుండగానే ఇంట్లో నెమ్మదిగా నడిపించి మళ్లీ చూడమని డాక్టరు అడగవచ్చు. మామూలుగా 6 నిమిషాలు నడిపిస్తారు, పెద్దవారికి 3 నిమిషాలు చాలు. నడిచాక 94 కన్నా తగ్గినా, మొదటి అంకె నుంచి 3 పాయింట్లు పడినా అది హెచ్చరికే. కూర్చుంటేనే ఆయాసపడే మనిషిని, తూలిపోయే మనిషిని నడిపించకూడదు.

ఒక కాగితం మీద జబ్బు మొదలైన తేదీ రాసిపెట్టండి. నాలుగు రోజులై ఉంటుందిలే అనే ఉజ్జాయింపు వద్దు, తేదీ కావాలి. జ్వరం, బీపీ, షుగరు అంకెలు వేళతో సహా రాయించండి. మందుల పేర్లు ఫోనులో చదివి వినిపించడం కన్నా స్ట్రిప్పులన్నీ మంచం మీద పరిచి ఒక ఫోటో తీసి పంపడం మేలు. షుగరు ఉన్న మనిషికి ఆ ఫోటో చాలా అవసరం. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగరు మాత్రలు మన దగ్గర ఇప్పుడు విరివిగా రాస్తున్నారు. అవి వేసుకుంటూ జ్వరంతో తిండి మానేస్తే, చక్కెర పెద్దగా పెరగకుండానే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకునే ప్రమాదం ఉంది. అందుకని జబ్బు రోజుల్లో వాటిని తాత్కాలికంగా ఆపిస్తాం. గ్లిమెపిరైడ్ వేసుకుని లేదా ఇన్సులిన్ తీసుకుని తినకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోతుంటే మెట్‌ఫార్మిన్ కూడా ఆపాల్సి రావచ్చు. లంఖణం పరమౌషధమని మన ఇళ్లలో అంటారు. షుగరు మందులు వేసుకునే మనిషికి ఆ మాట పనికిరాదు. గంజి, చారన్నం, మజ్జిగ, ఏదో ఒకటి కొద్దికొద్దిగా లోపలికి పోతుండాలి. ఏ మాత్ర ఆపాలో మీరు నిర్ణయించకండి, ఈ షుగరు మందుల్లో జ్వరం తగ్గేవరకు ఏవి ఆపాలని కాల్‌లో నేరుగా అడగండి. మా డాక్టర్లు తొందరలో ఈ సంగతి మరిచిపోతుంటారు, అడిగితే గుర్తొస్తుంది.

ఇక ఫోనులో మాకు అందనివి. ఊపిరితిత్తుల అడుగున వచ్చే చిటపట శబ్దం కెమెరాలో వినబడదు. దగ్గు ఉన్నంత మాత్రాన అంతా వైరసే అనుకోవడానికీ లేదు. పడుకుంటే దగ్గు పెరిగి, లేచి కూర్చుంటే తగ్గుతూ, కాళ్లకు వాపు ఉంటే గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో చూడాలి. బీపీ, షుగరు రెండూ ఉన్న 64 ఏళ్ల మనిషిని రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారని నేను తప్పకుండా అడుగుతాను. కాళ్ల మీద వేలుతో నొక్కి గుంట పడుతోందో లేదో నాన్నగారి చేతనే చూపించమంటాను.

ఇంకొకటి డెంగీ. మన దేశంలో ఫ్లూకి రెండు కాలాలు, జనవరి నుంచి మార్చి వరకు ఒకటి, వానాకాలం వెనుకపట్టున మరొకటి. ఆ రెండో కాలంలోనే డెంగీ కూడా తిరుగుతుంది. ముక్కు కారడం, గొంతు నొప్పి, దగ్గు ముందుంటే శ్వాసకోశ వైరస్ అనుకుంటాం. దగ్గు లేకుండా కళ్ల వెనక నొప్పి, దద్దుర్లు, భరించలేని ఒళ్లు నొప్పులు ఉంటే డెంగీ వైపు చూస్తాం. కానీ ఫోనులో ఈ రెంటినీ కచ్చితంగా విడదీయలేం. మొదటి 5 రోజుల్లో అయితే డెంగీని పట్టే ఎన్‌ఎస్1 రక్తపరీక్ష, దాంతోపాటు ప్లేట్‌లెట్లతో సహా రక్తకణాల లెక్క దగ్గర్లోని ల్యాబ్‌లో చేయించవచ్చు. అది తేలేవరకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు మాత్రగా గానీ సూదిగా గానీ వద్దు. డెంగీలో జ్వరం దిగే వేళే అసలు గండం. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం అప్పుడే కనబడతాయి. మన్యం ప్రాంతంవారైతే మలేరియా పరీక్ష కూడా చేయించాలి.

ఏ వైరసో తెలుసుకోవాలన్న ఆరాటం అందరికీ ఉంటుంది. పరీక్ష ఫలితంతో వైద్యం మారేటప్పుడే డబ్బు పెట్టండి. కోవిడ్ ఇంటి కిట్ చవకే, నెగటివ్ వచ్చినా ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ చేయాలి. నిజంగా వైద్యం మారేది ఫ్లూ విషయంలో. ఫ్లూ వైరస్ మీద పనిచేసే ఒసెల్టామివిర్ అనే మందును పెద్దలకు మామూలుగా 75 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 5 రోజులు ఇస్తాం, కిడ్నీలు బలహీనంగా ఉంటే మోతాదు తగ్గిస్తాం. 48 గంటల్లోపు మొదలుపెడితే ఎక్కువ ఫలితం. మీ అమ్మగారికి ఆ గడువు దాటింది, అయినా వయసు, షుగరు ఉన్నాయి కాబట్టి ఈ మందు ఇవ్వాలా అని డాక్టరును అడిగి తీరాలి. జబ్బు ముదురుతున్న మనిషికి ఆలస్యంగానైనా ఇస్తాం. గర్భిణులకు కూడా ఇస్తాం. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది, సొంతంగా తెప్పించుకోవద్దు.

మందుల్లో మిగిలిందంతా చిన్న సంగతి. పారాసిటమాల్ 650 మాత్ర ఆరు గంటలకొకటి చొప్పున నాలుగు వేసుకుంటే 2,600 మిల్లీగ్రాములు. రోజుకు 4,000 దాటకూడదు, కాలేయం బాగాలేనివారు, బక్కపలచని ముసలివారు అంతకన్నా బాగా తక్కువలోనే ఆగాలి. చిక్కంతా జలుబు మాత్రలతో వస్తుంది. వాటిలో చాలావాటిలో పారాసిటమాల్ ఉండనే ఉంటుంది, రెండూ కలిపి వేసుకుంటే లెక్క తప్పుతుంది. పైగా ముక్కు దిబ్బడ తగ్గించే మందు బీపీని పెంచగలదు, తుమ్ములకు ఇచ్చే మందు ప్రోస్టేట్ సమస్య ఉన్న మగవారికి మూత్రం బిగించగలదు. మిరియాల కషాయం తాగండి, నాకే అభ్యంతరం లేదు. ఆవిరి పట్టేటప్పుడు గిన్నె ఒళ్లో పెట్టుకోవద్దు, వేడినీళ్లు ఒలికి తొడలు కాలినవారిని చూశాను.

ఆ అజిత్రోమైసిన్ మాత్రం పక్కన పెట్టేయండి. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు. కఫం పసుపుపచ్చగా మారినంత మాత్రాన బ్యాక్టీరియా చేరినట్టు కాదు. 2023 మార్చిలో హెచ్3ఎన్2 ఫ్లూ దేశమంతా తిరుగుతున్నప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ ఈ మాటే చెప్పింది: ఇలాంటి జ్వరం, దగ్గులకు యాంటీబయాటిక్స్ రాయవద్దు, లక్షణాలకే వైద్యం చేయండి అని. ఫోనులో చూసే డాక్టర్లలో కూడా, ఎదురుగా చూడలేదు కదా ఎందుకైనా మంచిదని ఒక యాంటీబయాటిక్ పడేసే అలవాటు ఉంది. నాకు దాని మీద చాలా కోపం. న్యుమోనియా అనుమానం ఉంటే ఎక్స్‌రే తీయించాలి, లేకపోతే రేపు మళ్లీ చూడాలి. అంతకన్నా ప్రమాదం స్టెరాయిడ్. ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణం నిలబెట్టిందని 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరిశోధనలో తేలింది, ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివల్ల మేలు కనబడలేదు. షుగరు ఉన్నవారికి ఇష్టం వచ్చినట్టు స్టెరాయిడ్లు వాడితే ఏమవుతుందో 2021లో బ్లాక్ ఫంగస్ వార్డులు చూపించాయి. ఊళ్లో ఎవరైనా జ్వరం సూది వేస్తామంటే అందులో ఏముందని నాన్నగారిని అడగమనండి, జవాబు రాకపోతే వేయించవద్దు.

నిబంధనల సంగతి రెండు ముక్కల్లో. మన దేశంలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు 2020 మార్చి 25న వచ్చాయి. డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీద వేయాలి, దాన్ని రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ జాబితాలో మీరు సరిచూసుకోవచ్చు. మిమ్మల్ని ఎన్నడూ చూడని డాక్టరు కేవలం ఫోను మాటల మీద పారాసిటమాల్ లాంటి చిన్న మందులే రాయగలరు. వీడియోలో చూస్తే ఇంకొన్ని రాయవచ్చు, మత్తు మందులు మాత్రం ఎలాగూ కుదరవు. అందుకే సిగ్నల్ పోయిందని ఫోను కాల్‌తో సరిపెట్టుకోకుండా మళ్లీ వీడియోకు ప్రయత్నించండి. ఎదురుగా చూడాలని డాక్టరు అంటే అది తప్పించుకోవడం అనుకోవద్దు, కాల్‌ను మధ్యలో ఆపి రమ్మనే హక్కు, బాధ్యత ఆయనకు ఉన్నాయి.

ఏ డాక్టరన్న ప్రశ్నకు మీ విషయంలో నా సలహా వేరు. అమ్మగారికి షుగరు రాసే డాక్టరు ఫోనులో దొరికితే ఆయనే మొదటి ఎంపిక, పాత అంకెలన్నీ ఆయనకు తెలుసు. ఆయన దొరకకపోతే నగరంలోని ఖరీదైన యాప్ కన్నా ముందు ఊళ్లోని విలేజ్ హెల్త్ క్లినిక్ చూడండి. ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అన్న బోర్డు ఉండవచ్చు, తెలంగాణలో అయితే పల్లె దవాఖానా. అక్కడి నర్సు బీపీ, ఆక్సిజన్, షుగరు చూసి, ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో వీడియోలో మాట్లాడించగలరు. మొహాలీలోని కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ తయారుచేసిన ఆ వ్యవస్థను హెల్త్ సెంటర్లలో 2019 నవంబరులో మొట్టమొదట మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశే. డబ్బు తీసుకోరు. ఇంటి నుంచే నేరుగా మాట్లాడే ఓపీడీ సేవ 2020 ఏప్రిల్‌లో వచ్చింది. రెంటిలో నేను క్లినిక్ దారే మెచ్చుకుంటాను. శిక్షణ ఉన్న మనిషి పేషెంటు పక్కన నిలబడి శ్వాస లెక్కపెడితే అవతలి డాక్టరు పని సగం తేలికవుతుంది. అమ్మగారు అక్కడికి వెళ్లలేకపోతే ఆశా కార్యకర్తను ఇంటికి రమ్మని అడగవచ్చు.

కాల్ ముగిసే ముందు మూడు సంగతులు తేల్చుకోండి. మళ్లీ ఎప్పుడు మాట్లాడాలి, ఏ అంకె దాటితే ఆ వేళ వరకు ఆగకూడదు, రాత్రి అవసరమైతే ఏ ఆసుపత్రికి వెళ్లాలి. ఆ ఆసుపత్రిలో ఆక్సిజన్ మంచం ఉందో లేదో మీరు పగలే ఫోను చేసి కనుక్కోండి. నేనైతే మీ అమ్మగారిని రేపు, ఐదో రోజున, ఎనిమిదో రోజున చూస్తాను. మధ్యలో ఆక్సిజన్, శ్వాస, జ్వరం రోజుకు మూడుసార్లు రాయించి, కాగితం ఫోటో పంపించమంటాను. జ్వరం ఐదో రోజుకూ దిగకపోయినా, దిగి మళ్లీ వచ్చినా కాల్‌తో సరిపెట్టను. ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్షలు చేయించుకుని ఎదురుగా రమ్మంటాను. జ్వరం పోయి దగ్గు ఒక్కటే మిగిలితే కంగారు లేదు. కానీ రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయించాలి. మన దేశంలో రెండు వారాల దగ్గు అంటే క్షయ కాదని తేల్చుకోవాల్సిందే, షుగరు ఉన్నవారు మరీను. ప్రభుత్వాసుపత్రిలో ఆ పరీక్ష ఉచితం.

ఇక మీ అన్నగారి సంగతి. అమెరికాలో ఎంత పెద్ద డాక్టరైనా ఇక్కడ రిజిస్ట్రేషన్ లేకపోతే ఇక్కడి పేషెంటుకు మందు రాయలేరు, ఆయన చీటీకి ఇక్కడి మెడికల్ షాపు మందు ఇవ్వకూడదు. ఆయనకూ అది తెలిసే ఉంటుంది. అలాగని దూరం పెట్టకండి. మీరూ ఇక్కడి డాక్టరూ నిద్రపోయే వేళ ఆయనకు పగలు. రాత్రి ఒంటిగంటకు, తెల్లవారుజామున నాలుగింటికి నాన్నగారు చదివే అంకెలు వినే పని ఆయనకు అప్పగించండి. రెండు వేళ్లకు పెట్టి చూసినా ఆక్సిజన్ 93 లేదా అంతకన్నా తక్కువ అంటే తన సలహాలు పక్కన పెట్టి వెంటనే నాన్నగారి చేత 108కి ఫోను చేయించాలని, ఆ తర్వాత మిమ్మల్ని లేపాలని ముందే మాట్లాడుకోండి.